హెడ్‌సాబ్ దరఖాస్తు

రిటైరై ఏళ్ళు గడిచినా లాల్‌దర్వాజలో ఆయన్ని అందరూ హెడ్‌సాబ్ అనే పిలుస్తారు. సర్వీసంతా పాతబస్తీలోనే చేశారు. మట్కా రాసేవాళ్ళని, దొంగచాటుగా పై రాష్ట్రాల లాటరీ టిక్కెట్లు అమ్మేవాళ్ళని కాలర్ పట్టుకుని స్టేషన్‌కి నడిపించిన మనిషి. వాళ్ళలో ఒకడిది ఆయన గల్లీయే. ఎన్నిసార్లు లోపలేసినా బయటికొచ్చి పాన్‌డబ్బా పక్కన అదే స్టూలు మీద కూర్చునేవాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె చెప్పాలి, తగిలితే రూపాయికి తొమ్మిది. పదిమంది పది అంకెల మీద తలో రూపాయి కాస్తే, తొమ్మిది ఒకడి చేతిలో పెట్టి ఒకటి తన జేబులో వేసుకుంటాడు. ఆ ఒక్క రూపాయి కోసమే హెడ్‌సాబ్ లాఠీ ఆడేది.

2023 ఆగస్టులో ఏ నలుగురు కలిసినా మద్యం దుకాణాల ముచ్చటే. రాష్ట్రమంతటా 2,620 దుకాణాలు, రెండేళ్ళ లైసెన్సు. ఎవరికి దక్కేదీ డ్రాలోనే తేలుతుంది. దరఖాస్తుకి రెండు లక్షలు. పేరు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. స్తోమత ఉంటే ఒక్కరే ఎన్నయినా వేసుకోవచ్చు. హెడ్‌సాబ్ కొడుకు పేరు మీద ఒకటి వేశారు. లక్ష ఆయన దాచుకున్నది, లక్ష భార్య గాజులు కుదువపెట్టి తెచ్చింది.

"ఇది కూడా లాటరీయే కద బాపూ?" అన్నాడు కొడుకు.

"లాటరీ అంటే జూదంరా. ఇది గవర్నమెంటు."

తండ్రి మాటలో కొంత నిజం లేకపోలేదు. కేరళ ప్రభుత్వం 1967 నుంచి తన లాటరీ టిక్కెట్లు తనే అమ్ముకుంటోంది. మనకి అలాంటిది లేదు, పైగా ఆ టిక్కెట్టు ఇక్కడ అమ్మితే కేసు. రెండు లక్షల దరఖాస్తుకి మాత్రం రసీదు ఇస్తారు.

ఆ రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులోనే ఉంచుకున్నారాయన. సింహవాహిని అమ్మవారి గుడికి తీసుకెళ్ళి పాదాల దగ్గర పెట్టించి, కుంకుమ అంటిన చోట వేలితో జాగ్రత్తగా తుడిచారు. ఇక డ్రా దాకా ఇంట్లో దుకాణం నడుస్తూనే ఉంది. బోర్డు తెలుగులోనా ఇంగ్లీషులోనా, గల్లా మీద అల్లుడిని కూర్చోబెట్టాలా వద్దా అని రోజూ పంచాయితీ. అల్లుడి చేతివాటం గుర్తొచ్చి ఒకరాత్రి అన్నం కూడా సరిగా తినలేదట. నన్నడిగితే రెండు లక్షలకి ఆయన కొనుక్కున్నది ఆ చింతే. కోటీశ్వరుడికి తప్ప రాని చింత అది.

భార్య మాత్రం ఒక్కటే అడిగింది: "మనం వేసిన దుకాణానికి ఎంతమంది వేసిండ్రు?"

"అరవై మంది దాకా ఉంటరు."

ఆమె ఇంకేం అడగలేదు.

ఆగస్టు 21న డ్రా తీశారు. హెడ్‌సాబ్ కొడుకు పేరు రాలేదు. రాష్ట్రం మొత్తం మీద వచ్చిన దరఖాస్తులు 1,31,954. అంటే సగటున దుకాణానికి యాభై మంది. ఇంకా ఒక్క సీసా అమ్ముడుపోకముందే దరఖాస్తుల మీద ఖజానాకి చేరింది 2,639 కోట్లు. (2025లో ఫీజు మూడు లక్షలు చేశారు. దరఖాస్తులు 95,137కి పడిపోయాయి, రాబడి 2,854 కోట్లకి పెరిగింది. ఇంత లాభసాటిగా మనుషుల్ని తగ్గించుకోవడం ఏ మట్కావాడికీ చేతకాదు.)

మర్నాడు పొద్దున చాయ్ దుకాణం దగ్గర మట్కా మనిషి ఎదురొచ్చి సలాం కొట్టాడు.

"తగల్లేదట కద సాబ్?"

"ఊఁ."

"మా దగ్గరైతే పదిల తొమ్మిది మల్ల జనం చేతికే పోతయ్ సాబ్."

"నోర్ముయ్. అది ఫీజు. నీ చీటీ లెక్క కాదు."

"అవును సాబ్." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీ దగ్గర దాచుడెందుకు, మీ డ్రా మీద నేను సుత చీటీలు రాసిన. హెడ్‌సాబ్‌కు తగుల్తదా, తగలదా? రూపాయికి రూపాయి. గల్లీ గల్లీ తగుల్తదనే కాసింది. మీరంటే గంత నమ్మకం."

కేసు రాయాల్సిన మాటే. కానీ హెడ్‌సాబ్ మొహం రెండు రోజుల్లో మొదటిసారి విప్పారింది. చాయ్ కప్పు కింద పెట్టారు.

"అంటే తగలదని ఒక్కడు కూడా కాయలేదా?"

"ఒక్క చీటీ సాబ్. ఐదు వేలు." లోపలి జేబులోంచి పది వేలు తీసి, వేలు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు. "ఇంటికి పోంగనే అమ్మకియ్యుండ్రి. గాజుల మిత్తికి పనికొస్తయన్నది."