బ్యాచ్ ఆగితే సంతోషించండి

అంబాజీపేట కొబ్బరి కొట్లో లెక్కలు రాసే గుమాస్తాని. నెలాఖరు బిల్లులన్నీ ఎక్సెల్ నుంచి టాలీలోకి ఒక్కసారే ఎక్కిస్తే కొన్ని ఎక్కి కొన్ని ఆగిపోతాయి. అందరూ చెప్పే మందు ఒకటి, నాది ఒకటి. ఆడిటర్లకు నచ్చదు, షావుకార్లకు అసలే నచ్చదు. అయినా నా మాట ఇదే.

1. ఆగిన బిల్లులను మళ్ళీ గుంపుగా తోయకండి. నలభై ఆగితే నలభయ్యీ చేత్తో కొట్టండి. ఒక మధ్యాహ్నం పోతుంది. పోనివ్వండి. ఆ నెల కొట్లో ఏం జరిగిందో ఆ మధ్యాహ్నమే తెలుస్తుంది.

2. 'స్టాక్ ఐటం లేదు' అని వస్తే కుర్చీలోంచి లేచి గోదాముకు వెళ్ళండి. కురిడీ కొబ్బరిలో గటగట అనే రకం పేరును ముగ్గురు కుర్రాళ్ళు మూడు స్పెల్లింగులతో కొడతారు. టాలీకి అవి మూడు సరుకులు. ఫైల్లో ఒక్కసారే వెతికి మార్చేయడం వద్దు. నేనలా మార్చినప్పుడు పాత గటగట, కొత్త గటగట ఒకే పద్దులో కలిసిపోయాయి. రెండింటి ధరా వేరు. విడదీయడానికి మూడు రోజులు పట్టింది.

3. లెడ్జర్లు ముందు, వోచర్లు తర్వాత ఎక్కించాలన్నది సరైన మాటే. నేనింకా ముందుకు వెళ్తాను: కొత్త పార్టీ లెడ్జరును ఫైల్ ద్వారా రానివ్వనే వద్దు. ఫోన్ చేసి 15 అక్షరాల జీఎస్టీ నంబరు చెవితో విని రాయండి. మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. అక్కడ ఒక్క అంకె జారితే మన రాష్ట్రంలోని అమ్మకం పొరుగు రాష్ట్రం పన్నులోకి పోతుంది.

4. 'మొత్తం సరిపోలేదు' అంటే రౌండాఫ్‌లో సర్దకండి. కాయ ధర వెయ్యికి చెప్తాం, ఎండుకొబ్బరి కిలోల్లో తూస్తాం. కాయకు పన్ను లేదు, ఎండుకొబ్బరికి 5 శాతం. తేడా ఎప్పుడూ ఈ సందుల్లోనే దాక్కుంటుంది. అసలు చీటీ దొరికేదాకా ఆ బిల్లు అలాగే ఉండనివ్వండి.

5. 11వ తారీకుకు జీఎస్టీఆర్-1 వేయాలని తొందరపడి తప్పు లెక్క పంపకండి. ఆలస్యమైతే రుసుము పడుతుంది, కొన్న పార్టీకి ఆ నెల క్రెడిట్ కనబడదు. ఆ పార్టీకి ముందే ఫోన్ చేసి, 'లెక్క తేలలేదండి, తేలగానే వేస్తాం' అని చెప్పండి. కోప్పడతారు. పడనివ్వండి. తప్పు లెక్క వెళ్ళాక సవరించే తిప్పలు దీనికి పదింతలు.

ఇంత మొండితనం ఎందుకంటే, ఒకసారి ఆగిన బిల్లుల్లో కొత్తపేట వైపు రైతు ఒకాయనది ఉంది. కాయల లెక్కకూ డబ్బుకూ పొంతన కుదరలేదు. తేడా చిన్నదే, సర్దేస్తే ఎవరికీ తెలిసేది కాదు. దింపునాటి చీటీ వెతికి తీస్తే మేమే వంద కాయలు తక్కువ రాశాం. ఆయన అడగలేదు, ఆయనకు తెలియదు కూడా. సాయంత్రం ఆ డబ్బు పట్టుకెళ్ళి చేతిలో పెట్టి వచ్చాను.

ఆ వంద కాయలనీ పట్టుకున్నది ఆగిపోయిన బ్యాచే.