స్విచ్చు ఆన్‌లోనే ఉందండీ!

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు. ఈ మూడూళ్ళ మధ్య ఏ ఇంటి పెళ్ళికి వెళ్ళినా ఇద్దరు వీడియో తీస్తుంటారు. ఒకాయన డబ్బులు తీసుకుని తీస్తాడు. రెండో ఆయన వద్దన్నా తీస్తాడు. ఈ రెండో ఆయనే వీడియో బాబాయి.

వరసకి మీకు మావయ్య కావచ్చు, బావగారు కావచ్చు, ఊరందరికీ బాబాయే. ఏ బ్యాంకులోనో చేసి రిటైరై ఉంటాడు, లేదంటే చేపల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకుని ఉంటాడు. మెళ్ళో కెమెరా, దానికి మూరెడు లెన్సు, పైజేబులో లెన్సు తుడుచుకునే గుడ్డ. భుజాన వేలాడే సంచిలో లేనిదంటూ లేదు, స్టాండు తప్ప. అదేంటండీ అని అడిగారా, లెన్సు పక్కనున్న బుల్లి స్విచ్చు చూపిస్తాడు.

“స్టెబిలైజేషన్ అబ్బాయ్! లోపల గైరో ఉంది. ఇంక స్టాండెందుకు? అది చేతకానోళ్ళకి.”

ఆ స్విచ్చు మీద బాబాయికున్న నమ్మకం ద్వారకా తిరుమల వెంకన్న మీద కూడా లేదు. కానన్ వాడు ఐఎస్ అంటాడు, నికాన్ వాడు వీఆర్ అంటాడు, సోనీ వాడు ఓఎస్‌ఎస్ అంటాడు. “పేర్లు వేరుగానీ దేవుడొక్కడే” అని చేతులు జోడిస్తాడు. జోడించినప్పుడు కెమెరా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ కాసేపూ బాబాయి చెప్పులు రికార్డవుతాయి.

దేవుడి మహిమ అబద్ధమేం కాదు. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకి తగిలించే లెన్సుల్లో ఈ ఏర్పాటు మొదట తెచ్చింది కానన్, 1995లో, 75–300 జూమ్ లెన్సులో. చెయ్యి ఎటు ఒరిగిందో లోపలి గైరోలు పసిగడతాయి. వెంటనే కటకాల్లో ఒక గుంపు అయస్కాంతబలంతో దానికి ఎదురుదిక్కుకి జరుగుతుంది. చెయ్యి వణికినా బొమ్మ ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే ఆ గాజు జరగడానికున్న చోటు మిల్లీమీటర్ల లెక్క. కెమెరా మూతి పైకీ కిందకీ, కుడికీ ఎడమకీ కాస్త ఊగితే అది కాచుకోగలదు. అడుగడుక్కీ మనిషి మొత్తం లేచి పడుతుంటే దాని వల్ల కాదు. కెమెరా ఓ పక్కకి వాలిపోతే అసలు దానికి పట్టనే పట్టదు. ఆ వాలు దిద్దాలంటే కెమెరా బాడీలో సెన్సరే తిరిగే ఏర్పాటుండాలి.

ఇదంతా బాబాయికి చెప్పేదెవరు? “ఇది నాలుగు స్టాపుల లెన్సు, తెలుసా!” అంటాడు. కదలకుండా నిలబడి ఫొటో తీస్తే, షట్టరు పదహారు రెట్లు నెమ్మదిగా పడినా చేతి వణుకు బొమ్మలో కనిపించదని దానర్థం. కల్యాణమండపంలో పరుగులు తియ్యమని కాదు. పిన్ని మాత్రం ఈ లెన్సుశాస్త్రం ఒక్క ముక్క చదవకుండానే అసలు సంగతి పట్టేసింది: “నాలుగు స్టాపులున్నాయంటున్నావుగా, ఒక్కదాంట్లోనన్నా ఆగు!”

ఆగడు. తాడేపల్లిగూడెంలో పెళ్ళి. మేనమామలు పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొస్తున్నారు. వాళ్ళకి ఎదురుగా బాబాయి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఆయన మనసులో ‘శివ’ సినిమా ఆడుతోంది. 1989లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ఆ సినిమాలో స్టెడీకామ్ వాడారని, ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాల్‌రెడ్డి అని ఆయనకి కంఠతా వచ్చు. స్టెడీకామ్ లెన్సు కాదని, ఒంటికి బిగించుకునే కవచం, స్ప్రింగుల చెయ్యి, బరువుల తూకం అన్నీ కలిసిన సరంజామా అని, దాన్ని మోసేవాడు ముందు నడక నేర్చుకోవాలని మాత్రం తెలీదు.

“బాబాయ్ గారూ, కాస్త పక్కకి జరుగుతారాండి?” అన్నాడు స్టూడియో కుర్రాడు, గింబల్ పట్టుకుని.

“నాది ఎదురుగానే రావాలమ్మా. నీది పక్కనుంచైనా వస్తదిలే.”

తరవాత బాబాయి వీడియోలో కనిపించినవి వరసగా ఇవి: పెళ్ళికూతురి ముఖం, పెళ్ళికూతురి బాసికం, బాసికం పైన గాలి, మండపం సీలింగు, సీలింగు ఫ్యాను, “అయ్యో, చూసుకోండి!” అన్న ఆడగొంతు, నేల మీద చెల్లాచెదురైన అక్షింతలు. స్టూడియో కుర్రాడి వీడియో మాత్రం అద్దంలా వచ్చింది. అందులో పెళ్ళికూతురి కంటే బాబాయి వీపు ఎక్కువసేపు ఉంది.

సంకల్పం చెబుతున్నప్పుడు బాబాయి కాసేపు కదలకుండా నిలబడ్డాడు. ఆ ఘట్టంలో బొమ్మ బానే వచ్చింది గానీ, పంతులుగారి గొంతు వెనకాల సన్నగా గుర్రుమంటూ ఒక చప్పుడు. ముందు వరసలో కునుకు తీస్తున్న తాతయ్యగారి మీదికి తోసేశారందరూ. పాపం, అది స్టెబిలైజేషన్ మోటారుది. కెమెరాలోనే ఉన్న మైకు పక్కింటి సంగతులన్నీ వింటుంది.

ఇక కొల్లేరు. శీతాకాలం ఆదివారం బాబాయి ఆటపాకలో ఉంటాడు. అక్కడ గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి నీళ్ళలో ఇనుప స్టాండ్లు వేశారు. పక్షులకి స్టాండు కావాలి, బాబాయికి అక్కర్లేదు. పడవెక్కి, జూమ్ ఆఖరిదాకా లాగి, వ్యాఖ్యానం మొదలుపెడతాడు. “బుడమేరు, తమ్మిలేరు ఇందులోకొస్తాయి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది.” అన్నీ నిజాలే. ఆ వీడియో మొత్తంలో నిలకడగా ఉన్నది ఆ వ్యాఖ్యానం ఒక్కటే.

ఇంతలో ఒక గూడబాతు ఎగిరింది. బాబాయి కెమెరా తిప్పాడు. ఆయన తిప్పుతున్నాడని లెన్సుకేం తెలుసు? చెయ్యి జారిందనుకుని బొమ్మని వెనక్కి పట్టుకుంది. పట్టుకుని పట్టుకుని, జరగడానికి చోటు అయిపోగానే ఒక్కసారి వదిలేసింది. బొమ్మ గెంతింది. బాబాయి కంగారుపడి ఆపాడు. లెన్సు ఇంకా తిరుగుతున్నామనే భ్రమలో ఇంకాస్త ముందుకెళ్ళింది. గూడబాతు పోయింది, గుర్రపుడెక్క మిగిలింది. ఇలా అడ్డంగా తిప్పేటప్పుడు నిలువు ఊపు మాత్రమే కాచే రెండో మోడ్ ఆ లెన్సు మీదే ఉంది. బాబాయి దాన్ని ముట్టుకోడు. ఎందులోనైనా ఒకటో నంబరే మేలని ఆయన సిద్ధాంతం.

తిరుగు ప్రయాణంలో కొల్లేటి గట్టు మీద బుల్లెట్ బండి హ్యాండిలుకి ఫోను బిగించి మరో వీడియో. పెద్ద మోటారుసైకిలు ఇంజన్ల అదురు హ్యాండిల్ గుండా ఫోనుకి తగిలితే లోపలి స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. అది చెబితే బాబాయి నవ్వి, “మనది యాపిల్ కాదుగా” అన్నాడు.

అసలు పరీక్ష చూసేవాళ్ళకి. ఏలూరులో ఇంటిల్లిపాదినీ కూచోబెట్టి టీవీలో వేస్తాడు. అయిదు నిమిషాలకి పిల్లలు కడుపులో తిప్పుతోందని లేస్తారు. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసేస్తారు. “ఆ రోజు భూకంపం వచ్చిందేటండీ?” అంటాడు పక్కింటాయన, మర్యాదగానే.

“స్విచ్చు ఆన్‌లోనే ఉందండీ!” అంటాడు బాబాయి. “లెన్సు పాతబడింది. కొత్తది వచ్చిందంట.”

మేనల్లుడు ఉండబట్టలేక ఓసారి స్టాండు కొనిచ్చాడు. బాబాయి కెమెరా బిగించాడు, స్విచ్చు మాత్రం తియ్యలేదు. పాత లెన్సులు కొన్నిటికి తాము స్టాండు మీదున్నామని తెలీదు. లేని వణుకుని వెతుక్కుంటూ అవే మెల్లగా జరుగుతుంటాయి. ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ ఓ పక్కకి పాకింది. బాబాయి ముఖం వెలిగిపోయింది. “చూశారా! స్టాండు పెడితేనే కదుల్తోంది!” ఆ రోజు నుంచీ స్టాండు మీద గుమ్మడి వడియాల గుడ్డ ఆరుతోంది.

కాబట్టి మీ ఇంట్లోనూ ఒక బాబాయి ఉంటే ఆయనకి కొత్త లెన్సు కొనిపెట్టకండి. ఒక కుర్చీ వెయ్యండి. మోచేతులు డొక్కలకి ఆనించమనండి, జూమ్ తగ్గించమనండి, ఒక్కో దృశ్యం మీద పది లెక్కపెట్టేదాకా ఉండమనండి, స్టాండెక్కిస్తే స్విచ్చు తీసెయ్యమనండి. చేతుల సంగతి లెన్సు చూసుకుంటుంది. కాళ్ళు మాత్రం మనమే పట్టుకోవాలి, అవసరమైతే బాబాయివే.