బొగ్గున్న ఊళ్లో చలేంది?

నాకు తర్కం ఎక్కువ. 2018 డిసెంబర్‌లో ఆ తర్కమే నన్ను పాడె దాకా తీసుకుపోయి, ఎందుకో దయతలచి దించేసింది.

ఇల్లు జనగామలో, ఉద్యోగం మహబూబాబాద్‌లో. రోజూ రైలు. ఆ నెల మొదట్లో అసెంబ్లీ ఎన్నికల ముచ్చట తప్ప చలి ఊసెత్తినవాడు లేడు. 17న ఫెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఎక్కడి కాట్రేనికోన, ఎక్కడి మహబూబాబాద్! అయినా ముసురు మా నెత్తి మీదికే వచ్చింది. పొద్దున స్టేషన్ బయట గొంగళ్లు కప్పుకుని చాయ్ తాగేవాళ్లను చూసి, "ఇదేమన్న కశ్మీరా పెద్దయ్యా?" అని నవ్వేవాణ్ని. వాళ్లు నా సగం చేతుల చొక్కా వంక జాలిగా చూసేవాళ్లు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

అసలు చలి ముసురు పోయాక వచ్చింది. మబ్బు ఉన్నన్ని రోజులు నేల వేడి ఎంతో కొంత కిందనే ఉంటుంది. ఆకాశం తేటపడి ఉత్తరం నుంచి పొడిగాలి దిగిందా, పగలు దాచుకున్న వేడినంతా నేల తెల్లారేలోగా పోగొట్టుకుంటుంది. ఆదిలాబాద్ పది డిగ్రీల దిగువకు జారింది. మా దిక్కు కూడా ఇగం పెట్టింది.

అదే సమయంలో భూపాలపల్లిలో ఉన్న అక్క దగ్గరికి బయల్దేరాను. అమ్మ స్వెటర్ చేతిలో పెడితే కుర్చీ మీద వదిలేశాను. నా లెక్క ఇదీ: మే నెలలో ఆ ఊళ్లో నిప్పులు కురుస్తాయి. నేల కింద బొగ్గు. పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల థర్మల్ కేంద్రం. పొయ్యి పక్కన కూర్చున్నవాడికి దుప్పటెందుకు? పరకాల దాటేసరికి బస్సులో నా పళ్లు టకటక కొట్టుకుంటుంటే పక్క సీటు ఆవిడ తన చెద్దరు అంచు నా మీదికి జరిపింది. అప్పుడైనా సిగ్గు రావాలి కదా. రాలేదు. చెట్టూ చేమా ఎక్కువున్న చోట శీతాకాలం రాత్రి ఎట్లుంటుందో నా లెక్కలో లేనే లేదు.

బావది బొగ్గుబాయిలో రెండో షిఫ్టు. మామూలుగా ఆయన రాత్రి వచ్చే వేళకు అక్క వాకిట్లో కుంపటి మీద నీళ్లు కాగబెడుతుంది. ఆ రాత్రి భోజనం చేసి ఆమె కాస్త నడుం వాల్చగానే, కణకణలాడుతున్న ఆ కుంపటిని ఎత్తుకొచ్చి నా అర్రలో పెట్టుకున్నాను. కిటికీ మూశాను. తలుపు సందులో తువ్వాల కుక్కాను. కాసేపటికి తల పగిలిపోతున్నట్టు నొప్పి మొదలైంది. దీనికీ నా దగ్గర కారణం సిద్ధం: చలి తలకెక్కింది! లేచి తువ్వాలను ఇంకా బిగించి కుక్కాను. ఆ రాత్రి నేను చేసిన పనుల్లో ఇంతకు మించిన ఘనకార్యం లేదు.

నన్ను బతికించింది నా తెలివి కాదు, బావ స్నానం. నీళ్లు కాగబెడదామని లేచిన అక్కకు కుంపటి కనబడలేదు. "తమ్మీ, కుంపటేదిరా?" అని తలుపు బాదింది. వినబడుతూనే ఉంది, కాళ్లు లేవడం లేదు. అప్పుడే వచ్చిన బావ తలుపు నెట్టి, నన్ను వాకిట్లోకి ఈడ్చాడు. అక్కడ కక్కుకున్నాను.

"బాయి మీద ఫ్యానాగితే మమ్ముల పైకి తోలుతరు బామ్మర్దీ. నువ్వు ఇంట్లనే బాయి తవ్వి, ఫ్యాను లేకుంట పండుకున్నవ్" అన్నాడు.

గాలి చాలని చోట బొగ్గు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనం ఊపిరి పీలుస్తూనే ఉంటాం, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. దవాఖానకు పోదాం పద అని బావ అంటే, తగ్గిపోయిందిగా అన్నాను. అదీ తప్పే. అక్కడైతే వెంటనే ఆక్సిజన్ పెట్టేవాళ్లు.

చలికి కుంపటి కావాలంటే వాకిట్లో కాచుకోండి, మూసిన అర్రలోకి మాత్రం తేకండి. నిప్పు దగ్గర తల బరువెక్కితే చలి అనుకోకుండా, అందరినీ లేపి ముందు బయటికి రండి. ఆ తర్వాత తగ్గినట్టనిపించినా సరే, దవాఖానకు పోండి.