'అవ్వే కలుస్తయ్ సార్': ఒక శశవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "రెండిటిని ఒక్క గూట్ల ఏస్తె అవ్వే కలుస్తయ్ సార్."

అవతారిక. రంగు చేపలు, లవ్ బర్డ్స్ అమ్మే దుకాణంలో కుందేళ్ల జత కొన్నవాడికి చిల్లర చేతిలో పెడుతూ దుకాణదారు చెప్పే మాట ఇది. మొత్తం ఏడు పదాలు. ఈ ఏడింటినీ నమ్మి, బొక్కలు పెట్టిన అట్టపెట్టెను స్కూటర్ ముందు పెట్టుకుని ఒక గృహస్థు ఖిలా వరంగల్ మధ్యకోటకు చేరాడనుకుందాం. రెండు నెలలు ముచ్చటగా గడిచాయి. పిల్లలు ఎదిగాయి. ఒక తెల్లవారుజామున చూస్తే గూడంతా దూది చెదిరినట్టు బొచ్చు, ఒకదాని చెవికి గాటు, రెండోది మూలన నిక్కి కూర్చుని వెనక కాలితో నేలను దబ్బున తన్నుతోంది. మూలవాక్యం అర్థం కాలేదని గృహస్థుకు అప్పుడు తట్టింది. ఇక వ్యాఖ్య తప్పదు.

వ్యాఖ్య ఈ ఊరికి కొత్త విద్య కాదు. కాకతీయ ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాసి, అలంకారశాస్త్రంలో ఉదాహరణ కావలసిన ప్రతిచోటా రాజునే నిలబెట్టాడు. దానికి రత్నాపణమనే వ్యాఖ్య రాసిన కుమారస్వామి సాక్షాత్తు మల్లినాథ సూరి కొడుకు. ఆ మల్లినాథుడిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది పలకనని ఆయన ముందే మాట ఇచ్చి మరీ కాళిదాసు మీద కలం పెట్టాడు. కుందేళ్ల వ్యాఖ్యాత ఆ మాటలో మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు. రెండో సగం ఎవరివల్లా అయ్యేది కాదు.

రెండిటిని. ద్వితీయా విభక్తి. తెలుగులో ఆడ కుందేలూ 'అది'యే, మగ కుందేలూ 'అది'యే. వ్యాకరణం ఆడామగా చెప్పదు, దుకాణదారూ చెప్పడు. 'రెండూ ఆడివే సార్' అని ఒక పాఠాంతరం ఉంది గానీ అది ప్రక్షిప్తం. ఆరేడు వారాల పిల్లల్లో ఆడామగా తేల్చడం అలవాటైన చేతికే కష్టం. సంక్రాంతికి కొన్న 'అక్కచెల్లెళ్లు' మామిడికాయలు దిగే వేళకు సంసారంలో పడటం ఈ పాఠాన్ని నమ్మిన ఫలమే. కుందేలుకు గర్భం 31 రోజులు, అటూ ఇటూ ఒకరోజు. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. ఇంతకన్నా లెక్క చెప్పడం గృహస్థును భయపెట్టడమే.

కాబట్టి 'రెండిటిని' అనే పదానికి 'ఆపరేషన్ అయిన రెండిటిని' అని అధ్యాహారం చేసుకోవాలి. మూలంలో లేని మాటను అర్థం కోసం తెచ్చుకోవడం వ్యాఖ్యాతలకు అనుమతి ఉన్న పనే. ఈడొచ్చిన కుందేళ్ల కొట్లాటలో పెద్ద వాటా ఒంట్లోని హార్మోన్లది. మగదానికి నాలుగైదు నెలలప్పుడు, ఆడదానికి అయిదారు నెలలప్పుడు ఆపరేషన్ చేయిస్తే ఆ వేడి మెల్లగా దిగుతుంది. మెల్లగా అన్న మాట గుర్తుంచుకోవాలి. మగదానికి కోత అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లలు పుట్టించే శక్తి మిగిలి ఉండొచ్చు. ఇంకొక ముక్క. కుక్కకో పిల్లికో చెప్పినట్టు ముందురోజు రాత్రి నుంచి పస్తు పెట్టమంటే కుందేలు విషయంలో వినకూడదు. దానికి వాంతి చేసుకోవడం రాదు, పైగా పేగు ఆగిందంటే మళ్లీ కదిలించడం గండం. కుందేలుకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న డాక్టరునే వెతుక్కోవాలి. ఖిలాకు దగ్గర్లోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, వాకబు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

జతల్లో ఆపరేషన్ అయిన ఆడా మగా తొందరగా కుదురుతాయి. రెండు మగవైతే చాలా ఓపిక కావాలి. రెండు ఆడవి అంటే తోడికోడళ్ల లెక్క, ముందుగా ఏమీ చెప్పలేం.

ఒక్క. మూలంలో ఇదే మర్మస్థానం. దోషప్రకరణం మొత్తం ఈ ఒక్క పదం మీద రాయొచ్చు.

కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. గూటి అంచుకు, గిన్నెకు, కుర్చీ కాలికి, చివరికి యజమాని బొటనవేలికి కూడా గడ్డం రుద్ది 'ఇది నాది' అని ముద్ర వేస్తుంది. మనిషి ముక్కుకు ఆ వాసన తెలియదు. ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అనే శాస్త్రజ్ఞుడు 1960లలో ఈ గడ్డాల మీదే పరిశోధన చేశాడు. గుంపులో పెత్తనం చేసే కుందేలు మిగతావాటికన్నా ఎక్కువ చోట్ల గడ్డం రుద్దుతుందని గమనించాడు. పట్టా భూమిలోకి తెలియనివాణ్ని పంపి 'మీరే సర్దుకోండి' అంటే ఏమవుతుందో ఇక్కడి జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముఖ్యంగా ఆడ కుందేలు గూడు దాని సొంత రాజ్యం.

హంపీ వైపు ఒక కథ చెబుతారు. వేటకుక్కలు తరుముతుంటే ఒక కుందేలు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి వాటి మీదికే వెళ్లింది. అది చూసి ఆశ్చర్యపోయిన హరిహరుడు, బుక్కడు విద్యారణ్యుల మాట మీద ఆ చోటే విజయనగరం కట్టారట. ఆ అన్నదమ్ములు అంతకుముందు ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి భండారంలో కొలువు చేశారని కూడా ఒక ప్రతీతి. భండారం లెక్కలు చూసుకునేవాళ్లకు కుందేళ్లను పెంచే తీరిక ఎక్కడిది? ఆపరేషన్ కాని ఆడ కుందేలు గూట్లో ఒక్కసారి చెయ్యి పెట్టి ఉంటే వాళ్లకు ఆ దృశ్యం వింతగా తోచేది కాదు.

కనుక 'ఒక్క' అన్న చోట 'రెండు' అని సవరించుకోవాలి. రెండు గూళ్లు, పక్కపక్కన. రెండింటి జాలీల మధ్య జానెడు ఎడం. ఒకే జాలీకి అటొకటి ఇటొకటి ఉంటే జాలీలోంచే ముక్కులు కొరుక్కుంటాయి. ఖిలావాసికి ఇది సులువుగానే తలకెక్కుతుంది. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన ఈ కోటకు రాతిగోడ ఒక్కటే దిక్కు కాదు. దాని ముందు అగడ్త, ఆవల మట్టికోట. 1310లో మాలిక్ కాఫర్ సేన మట్టికోట దాటి కూడా లోపలి అగడ్త దగ్గర ఆగవలసి వచ్చింది. ఆ తర్వాతే ప్రతాపరుద్రుడితో సంధి. గమనించాల్సింది ఏమిటంటే, రాతిగోడ నిలిచి ఉండగానే రాయబారాలు నడిచాయి.

గూట్ల. సప్తమి, అనగా చోటు. అంగడి గూడు ఒక కుందేలు వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు పైకప్పుకు తగిలే సైజు. అందులో సంధి ఎలా కుదురుతుంది? మొదటి కలయికకు రెండింటి గడ్డమూ తగలని చోటు కావాలి. ఇంట్లో అలాంటిది సాధారణంగా బాత్‌రూమ్. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారితే భయపడతాయి కాబట్టి పాత చాపో దుప్పటో పరవాలి. నీళ్ల గిన్నెలు రెండు. గరిక కట్టలు రెండు, ఎడంగా. దాక్కోవడానికి అట్టపెట్టె పెడితే దానికి రెండు వైపులా ద్వారం కొయ్యాలి. లేకపోతే లోపల దూరినదాన్ని రెండోది మూల్లో పెట్టి కొడుతుంది. నాలుగు దిక్కులా తలుపుల్లేని తోరణాలు నిలబెట్టిన ఊళ్లో ఒక అట్టపెట్టెకు రెండు ద్వారాలు పెట్టడం పెద్ద పనేం కాదు. శిథిలాల నడుమ పచ్చికలో వదిలితే పోలా అని కొందరు. కుక్కలూ కోతులూ ఉన్న చోట అది పూర్వపక్షంగా కూడా నిలవదు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల్లోంచి పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి యాతన. వరంగల్ మే నెల మధ్యాహ్నం అంతకన్నా పది డిగ్రీలు పైన ఉంటుంది. ఆ వేళ తరుముకోనిస్తే గెలిచిందీ ఓడిందీ రెండూ వడదెబ్బకు పడతాయి. వేసవిలో పొద్దున్నే, లేదా రాత్రి చల్లబడ్డాక. సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే శత్రుత్వం మరచి రెండూ దానికి ఆనుకున్న సందర్భాలు ఉంటాయి. అది స్నేహమా, ఎండ దెబ్బా అని వెంటనే నిర్ణయించకూడదు.

ఏస్తె. చేదర్థకం. 'వేస్తే ఇది, వెయ్యకపోతే అది' అని కార్యకారణాన్ని ఒక్క ముడితో కట్టేసే క్రియ. లోకంలో అనర్థాలన్నీ చేదర్థకాల్లోనే మొదలవుతాయని వ్యాఖ్యాత అభిప్రాయం. ఇక్కడ వెయ్యడమనే ఒక పనిని వారాల పనిగా విడదీసుకోవాలి. మొదట కుందేళ్లను కలపడం ఉండదు, వాసనలే కలుస్తాయి. దీని గూట్లో పరచిన గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి. తర్వాత దీన్ని దాని గూట్లో, దాన్ని దీని గూట్లో ఒక పూట. ఆ తర్వాత బాత్‌రూమ్‌లో పది నిమిషాలు, మనిషి కిందనే కూర్చుని. బాగా జరిగితే మర్నాడు పదిహేను.

పూర్వపక్షం: రెండింటినీ ఒకే బుట్టలో పెట్టి ఆటోలో చుట్టూ తిప్పితే భయానికి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి కదా, అదే మైత్రి కాదా? సిద్ధాంతం: కాదు. వర్షానికి ఒకే బస్ షెల్టర్ కింద నిలబడ్డవాళ్లను చుట్టాలు అనం. భయం దిగాక ఇంటికొచ్చి మళ్లీ కొట్టుకుంటాయి, పైగా మితిమీరిన భయం కుందేలు ప్రాణానికే ముప్పు. ఈ పద్ధతిని ఒకప్పుడు సమర్థించినవాళ్లే ఇప్పుడు చాలామంది వదిలేశారు.

పోట్లాటకు ముందు గుర్తులు: చెవులు వెనక్కి వీపుకు అంటుకుంటాయి, తోక పైకి లేస్తుంది, ఒకదాని తోక దగ్గర ఒకదాని ముఖం పెట్టి గుండ్రంగా తిరగడం మొదలుపెడతాయి. ఈ ప్రదక్షిణం మూడో చుట్టుకు చేరేదాకా చూడకూడదు. చెయ్యి పెట్టకూడదు కూడా, కొరుకుడు ఎముక దాకా దిగుతుంది. ఇక్కడ శాస్త్రోక్తమైన ఆయుధం చాట. బియ్యం చెరిగే మామూలు చాటను రెండింటి మధ్య నిలువుగా దింపితే యుద్ధం అక్కడికక్కడ తెగిపోతుంది. చాట లేని అపార్ట్‌మెంట్లలో మందపాటి తువ్వాలు. ఆ తర్వాత బొచ్చు పాయలు తీసి ఒళ్లంతా తడిమి చూడాలి. పైకి కనపడని పంటి గాటు లోపల చీము పట్టి గడ్డ కడుతుంది.

అవ్వే. చివరి ఏకారం అవధారణార్థకం, అంటే 'అవి మాత్రమే, ఇంకెవరి ప్రమేయం లేకుండా' అని. ఇంట్లో పెద్దావిడ కూడా 'కొట్లాడుకోనియ్, అవ్వే సల్లవడ్తయ్' అని దీనికి ఉపవ్యాఖ్య చేస్తుంది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న తగువు అవే తేల్చుకోవాలి. ఒకటి రెండోదాని మీద ఎక్కుతుంది, ఆడవి కూడా ఎక్కుతాయి. అది ఎక్కువసార్లు అధికారప్రకటనే, కొద్దిసేపైతే కానివ్వొచ్చు. తల వైపు ఎక్కితే మాత్రం వెంటనే దించాలి. కింద ఉన్నది కొరికే చోటు మామూలు చోటు కాదు.

కౌటిల్యుడు రాజులకు చెప్పిన ఆరు గుణాలూ ఆ బాత్‌రూమ్‌లో పదినిమిషాల్లో కనిపిస్తాయి. వెంటపడటం యానం. మనిషి మోకాళ్ల సందున దూరడం సంశ్రయం. ఒకపక్క నాకుతూనే మరోపక్క బొచ్చు పీకడం ద్వైధీభావం. అన్నిటిలోకీ మంచి శకునం ఆసనం: రెండూ ఒకదానికొకటి వీపు పెట్టి, ఎదుటిది లోకంలోనే లేనట్టు గరిక నమలడం. కొత్తవాళ్లు దీన్ని చూసి నీరుగారిపోతారు. అనుభవమున్నవాళ్లు చాట కింద పెడతారు.

కలుస్తయ్. ఈ క్రియలో భవిష్యత్తూ ఉంది, అలవాటూ ఉంది. తేదీ ఒక్కటే లేదు. 'రైలొస్తది' అన్నట్టు. కొన్ని జతలకు మూడు రోజులు, కొన్నింటికి మూడు నెలలు. సంధుల్లో నిత్యం, వైకల్పికం, బహుళం అని రకాలుంటాయని బడిలో నేర్పుతారు. కుందేళ్ల సంధి బహుళం: జరుగుతుంది, జరగదు, జరిగిందనుకుంటే ఇంకేదో అవుతుంది. చిన్నయ సూరి నీతిచంద్రికలో మిత్రలాభం ముందు, మిత్రభేదం తర్వాత. ఆ తర్వాతి విగ్రహాన్ని, సంధిని వీరేశలింగం రాశారు. సంస్కృత హితోపదేశం వరసా అదే. అంగట్లో కొన్న జత నడిచే వరస కూడా సరిగ్గా అదే. చిన్నప్పుడు లాభం, ఈడొచ్చాక భేదం, చాట దాకా విగ్రహం. గృహస్థు మూడో భాగం దగ్గర పుస్తకం మూసేసి, కుందేటి కొమ్ము కోసం తిరుగుతున్నానని నిట్టూరుస్తాడు. కొమ్ము దొరకదు, నిజమే. నాలుగో భాగం మాత్రం ఉంది.

అది మొదలయ్యే తీరు ఇలా ఉంటుంది. ఒకటి మెల్లగా వచ్చి తల నేలకానించి రెండోదాని ముక్కు కింద పెడుతుంది. చూసేవాళ్లు శరణాగతి అనుకుంటారు. చాలాసార్లు అది 'నా నుదురు నాకు' అన్న ఆజ్ఞ. రెండోది కూడా అదే సమయానికి తల దించితే రెండు తలలూ నేల మీద, ఎవరూ నాకరు. నిమిషం గడుస్తుంది. అయిదు గడుస్తాయి. చివరికి ఏదో ఒకటి నాలుక చాపి ఎదుటిదాని కనురెప్ప మీద ఒక్కసారి తాకిస్తుంది. ఆ తర్వాత రోజుల్లో ఒకే గిన్నెలో మూతులు పెట్టడం, ఒళ్లు ఆనించి పడుకోవడం, ఒకటి ధబ్బున పక్కకు ఒరిగి కాళ్లు చాపేయడం. వరసగా రెండు మూడు రోజులు ఇలాగే ఉంటే, బాగా కడిగి వాసన పోగొట్టిన కొత్త చోట ఇద్దరికీ కలిపి కాపురం పెట్టొచ్చు. అప్పటి నుంచి ఒకదానికి జబ్బు చేసినా డాక్టరు దగ్గరికి రెండింటినీ కలిపే తీసుకెళ్లాలి. ఒక్కటే వెళ్లి ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే ఇంట్లో ఉన్నది గుర్తుపట్టక మొదటి పదం దగ్గరికి తీసుకుపోతుంది.

సార్. సంబోధన. 'అన్నా' అని కొన్ని ప్రతుల్లో ఉంది, అర్థంలో తేడా లేదు. మూలవాక్యంలో ఒక్క దోషం కూడా లేని పదం ఇదే. వారాల తరబడి రోజూ పది నిమిషాలు చాట ఒళ్లో పెట్టుకుని బాత్‌రూమ్ నేల మీద కూర్చోవలసింది ఎవరో దుకాణదారు ఆనాడే పిలిచి మరీ చెప్పాడు. గృహస్థు దాన్ని మర్యాద అనుకున్నాడు.