గేటు దగ్గరే ఆపేస్తే ఏం చూస్తాం?

ఇప్పుడు కాలేజీ చూడాలంటే దానికీ ఒక ముహూర్తం ఉండాలట. ఓపెన్ హౌస్ అంటారు. ఆ రోజు గేటుకి బెలూన్లు కడతారు, ల్యాబుల్లో మిషన్ల మీది గుడ్డలు తీస్తారు, చలాకీ పిల్లల్ని ఏరి ఒకే రంగు టీషర్టులు తొడిగి మన వెంట తిప్పుతారు. పెళ్లిచూపులనాడు పిల్ల చేత పాట పాడించినట్టే. పోనీ అదైనా అన్నిచోట్లా ఉందా అంటే, మనవైపు చాలా కాలేజీలకి ఆ అలవాటే లేదు. మామూలు రోజున వెళ్తే సెక్యూరిటీ అబ్బాయి రిజిస్టరు ముందుకు తోసి, "ఎవర్ని కలవాలి సార్? అపాయింట్‌మెంట్ ఉందా?" అంటాడు. ఎవర్నీ కలవక్కర్లేదయ్యా, ఊరికే చూసిపోదామని వచ్చాం అంటే, అలాంటి గడి ఆ రిజిస్టర్లో లేదు.

మా రోజుల్లో ఊరికే వెళ్లడమే పద్ధతి. డిగ్రీ అయ్యాక నన్ను ఎమ్మెస్సీలో చేర్చాలని మా నాన్న విజయనగరం నుంచి వాల్తేరు తీసుకెళ్లారు. ఇప్పటి విశాఖపట్నం స్టేషన్ని అప్పుడు వాల్తేరు అనే అనేవారు. పాసింజరు దిగి, బస్సెక్కి, అడుక్కుంటూ అడుక్కుంటూ ఆంధ్రా యూనివర్సిటీకి చేరాం. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకి మకాం మార్చిన యూనివర్సిటీ అది. కట్టమంచి రామలింగారెడ్డిగారు, ఆ తర్వాత రాధాకృష్ణన్‌గారు వైస్ ఛాన్సలర్లుగా చేసిన చోటు. అంతటి చోటికి పంచె కట్టుకున్న రైతు చేతిలో జంతికల డబ్బాతో నడిచి వెళ్తుంటే ఒక్కరూ ఆపలేదు.

జంతికలు మా ఊరి కరణంగారబ్బాయికి. అప్పటికే హాస్టల్లో ఉంటున్నాడు. ఆ రోజుల్లో ప్రతి ఊరికీ హాస్టల్లో ఓ మనిషి ఉండేవాడు, లేకపోతే పక్క ఊరివాడైనా ఉండేవాడు. డబ్బా అందుకుని మమ్మల్ని కెమిస్ట్రీ వైపు తీసుకెళ్లాడు. అటెండరు అడ్డు చెప్పకపోగా తలుపు బార్లా తీసి "రండి బాబూ" అన్నాడు. లోపల కిప్స్ ఆపరేటస్ నుంచి కుళ్లిన కోడిగుడ్ల కంపు గుప్పున కొట్టింది. నాన్న కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని "రోజూ ఇదేనా?" అని అడిగారు. "అలవాటైపోద్ది బాబూ" అన్నాడు అటెండరు. ఏ బ్రోషర్లో రాస్తారండీ ఆ మాట? మధ్యాహ్నం మెస్‌లో గెస్టు కింద భోజనం. సాంబారు మా అమ్మ చేతిది కాదు గానీ, అన్నం అడిగినంత వేశారు.

ఇంకో ఊళ్లో ఇంకో కాలేజీ, పేరెందుకులెండి. ముందు నుంచి చూస్తే బిల్డింగ్ దివ్యంగా ఉంది. వెనక్కి వెళ్తే హాస్టల్ కుర్రాళ్లంతా ఒక్క కుళాయి దగ్గర బకెట్లతో బారులు తీరి ఉన్నారు. నాన్న ఇంకేం అడగలేదు. "పద" అన్నారు.

క్లాసులు జరుగుతుండగా వెళ్లాలి. వేసవి సెలవుల్లో వెళ్లి చెట్లు చూసి మురిసిపోయి వచ్చేవాళ్లున్నారు. చెట్లకేం, ఎప్పుడైనా బాగానే ఉంటాయి. పదకొండింటికి కారిడార్లో నడిస్తే ఎన్ని లెక్చరర్ల గదులకి తాళాలున్నాయో తెలిసిపోతుంది. నోటీసు బోర్డు చదవాలి. హాజరు తక్కువైనవాళ్ల జాబితా, ఫీజు గడువు, వాయిదా పడిన పరీక్షలు, ఇవేవీ మనకోసం రాసినవి కావు గనక అన్నీ నిజాలే ఉంటాయి. లైబ్రరీలో పత్రికలు ఏ నెల సంచికతో ఆగిపోయాయో చూడాలి. ఇక గేటు బయట జిరాక్స్ కొట్టతనికి తెలిసినంత ప్రిన్సిపాల్‌కి కూడా తెలీదు. ఏ సారు నోట్సు ఏళ్లతరబడి మారలేదో అతన్ని అడగండి.

గేట్లు ఎందుకు బిగించారో నాకూ తెలుసు. ఆడపిల్లల హాస్టళ్లున్న చోటికి దారినపోయేవాణ్నల్లా రానివ్వమని నేనూ అనను. పైగా మా రోజులు మా రోజులు అంటున్నాను గానీ, ఈ తిరుగుళ్లన్నీ అప్పట్లో మగపిల్లలకే. మా చెల్లెలి కాలేజీ ఇంట్లో కూర్చునే తేల్చేశారు, ఇంటి ముందు బస్సు ఎక్కడికి పోతే అదే. ఇప్పుడు మనవరాళ్లు తామే వెళ్లి వాచ్‌మన్‌తో వాదించి మరీ లోపలికి పోతున్నారు. అది మాత్రం ఒప్పుకుంటాను.

మిగతావి ఒప్పుకోను. ఉస్మానియాకి జనం ఇప్పటికీ వెళ్తారు. 1939లో తెరిచిన ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు నిలబడి సెల్ఫీ దిగి వచ్చేస్తారు, లోపల పాఠం ఎలా చెప్తున్నారో అడిగినవాడు లేడు. అమెరికా చదువుల సంగతైతే మరీనూ. పొలం తాకట్టు పెట్టి పంపే కాలేజీని ఇంటిల్లిపాదిలో ఒక్కరూ చూసి ఉండరు. అక్కడ చాలా యూనివర్సిటీలకి ప్రహరీగోడే ఉండదని, ఊరి రోడ్లే లోంచి పోతాయని మా అల్లుడు చెప్పాడు. ఆ చుట్టుపక్కల మనవాళ్ల పిల్లలు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఓ పూట వెళ్లి చూసి చెప్పమ్మా అని అడగడానికి మొహమాటం. కన్సల్టెన్సీవాడికి డబ్బు కట్టడానికి మాత్రం ఏ మొహమాటమూ లేదు.

మా మనవడు ఈఏపీసెట్ ర్యాంకు చేతబట్టుకుని వెబ్ ఆప్షన్లలో నాలుగక్షరాల కాలేజీ కోడ్లు పేరుస్తున్నాడు. వీటిలో ఒక్కటైనా చూశావురా అంటే ఫోన్లో వర్చువల్ టూర్ చూపించాడు. అన్ని క్లాసురూముల్లో ఒక్క పిల్లాడు లేడు. మంగళవారం నేనూ వస్తాను, భోజనాల వేళకి వెళ్దాం అన్నాను. వాడు ఫోన్లో ఏదో నొక్కి, "అప్పుడు రష్‌గా ఉంటుందట తాతయ్యా, ఆదివారం వెళ్దాం, ఖాళీగా ఉంటుంది" అన్నాడు.