పట్టుకో... వదలకు!

మనవాళ్లు బండి కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంతిస్తుంది?" రెండోది "పికప్ ఎలా ఉంటుంది?" మూడోది "హెల్మెట్ ఫ్రీయేనా?" ఇది ఆగుతుందా అని అడిగిన మహానుభావుణ్ణి నేను ఇంతవరకూ ఏ షోరూములోనూ చూడలేదు. ఆగక ఎక్కడికి పోతుందిలే అని ధీమా. నిజమే, ప్రతి బండీ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అది బ్రేకు వల్లా, ఎదుటివాడి లారీ వల్లా అన్నదే తేలాలి.

దసరాకి ఆయుధపూజ చేస్తాం. హెడ్‌లైటుకి బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కి బంతిపూల దండ. ఆ దండ కుడివైపు వేలాడేది సరిగ్గా బ్రేకు ఆయిలు డబ్బా మీదే. పాపం, ఏడాది మొత్తం మీద ఆ డబ్బాకి జరిగే మర్యాద అదొక్కటే. మర్నాడు దండ తీసేస్తాం, డబ్బాని మళ్లీ దసరా దాకా మర్చిపోతాం.

మా మావయ్యగారిది మరో సిద్ధాంతం. "అల్లుడుగారూ, ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకండి, పల్టీ కొడతారు" అంటారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన వెనక బ్రేకుతోనే సంసారం లాక్కొచ్చారు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుందనీ, బండిని ఆపే పనిలో సింహభాగం దానిదేననీ చెప్పబోతే, "మా రోజుల్లో ఇవన్నీ లేవు" అని కొట్టిపారేస్తారు.

ఆయన మాటలోనూ నిజముంది. జపానులో హోండా కంపెనీ 1969లోనే సీబీ750కి ముందు చక్రానికి డిస్కు బ్రేకు పెట్టి జనం మీదికి వదిలింది. మన దగ్గరికి 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది. రోడ్డంతా పొగతో నింపి కుర్రకారు గుండెలు దోచిన బండి. జపానులో దాని అన్నగారు యమహా ఆర్డీ350కి డిస్కు ఉండేది. ఇక్కడికొచ్చేసరికి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే మిగిలాయి. వేగం ఒడ్డుకి చేరింది, ఆగడం మాత్రం ఓడలోనే ఉండిపోయింది. చివరికి 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండాల్సిందేనని ప్రభుత్వం పట్టుబట్టింది. మన కాలినీ చేతినీ నమ్మి లాభం లేదని దానికీ తెలిసిపోయినట్టుంది.

ఈ డిస్కు బ్రేకు పనిచేసే పద్ధతి మనం బళ్లో చదివిన పాఠమే. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి మేధావి చెప్పిపెట్టాడు: మూసిన గొట్టంలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నిచోట్లకీ సమానంగా పోతుందని. మనం లివరు నొక్కుతాం, పైన మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని తోస్తుంది, కింద కాలిపర్‌లో పిస్టన్లు కదిలి ప్యాడ్లు డిస్కుని పట్టేస్తాయి. ద్రవం నొక్కితే అణగదు కాబట్టి ఇదంతా సాగుతోంది. గాలి అలా కాదు, ఎంత నొక్కినా "సరే సరే" అని సర్దుకుపోయే రకం. గొట్టంలో ఒక్క బుడగ దూరిందంటే మన బలమంతా దాన్ని బుజ్జగించడానికే సరిపోతుంది, ప్యాడ్ల దాకా పోదు. లివరు మెత్తగా హ్యాండిల్‌ని ముద్దుపెట్టుకుంటుంది. మెకానిక్ ఒకసారి నొక్కి చూసి, "ఎయిర్ పట్టింది సార్, బ్లీడింగ్ చెయ్యాలి" అంటాడు.

గాలి సంగతి సరే, నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. మన బండ్లలో పోసే డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు మూత తెరిచిన అప్పడాల డబ్బాలాంటివి, ఎక్కడ తేమ ఉన్నా లాక్కుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే 155 డిగ్రీలకే మరిగినా తప్పులేదని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఇప్పుడు తిరుమల ఘాట్ దిగుతున్నారనుకోండి. మలుపు మలుపుకీ బ్రేకు, కాలిపర్ కాలిపోతోంది, లోపల పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు లేచాయి. ఇక లివరు గోవిందా. స్వామివారిని పైన చూసి వచ్చాం కదా, కిందికి వచ్చేలోపే రెండోసారి చూడాలనుకోవడం అత్యాశ. అందుకే రెండేళ్లకోసారైనా ఆయిలు మార్చమని కంపెనీల పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకం సీటు కింద ప్లాస్టిక్ కవరులో, విప్పకుండా, భద్రంగా ఉంటుంది.

గాలినీ పాత ఆయిలునీ బయటికి తోసే ఈ బ్లీడింగ్ పని తెలిసినవాళ్లకి కష్టమేమీ కాదు. పైన డబ్బా మూత రెండు స్క్రూలు విప్పాలి. కింద కాలిపర్ నిపుల్‌కి సన్నటి పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొస కొంచెం ఆయిలున్న సీసాలో ముంచాలి. ఒకరు లివరు నొక్కి పట్టుకోవాలి, ఒకరు స్పానరుతో నిపుల్ కాస్త తిప్పాలి. ఆయిలూ బుడగలూ బయటికొస్తాయి. నిపుల్ బిగించాక మాత్రమే లివరు వదలాలి. ముందే వదిలితే పోయిన గాలి చుట్టాలతో సహా వెనక్కి వస్తుంది. ఈలోగా పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. ఇలా బుడగలు ఆగేదాకా.

అంటే ఇది ఇద్దరు మనుషుల పని. మా ఇంట్లో లివరు శాఖ మా ఆవిడది, నిపుల్ శాఖ నాది.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో... వదలకు!"

"పెళ్లయినప్పట్నుంచీ ఇదే మాట. పొయ్యి మీద పాలున్నాయండీ."

"ఊఁ, ఇప్పుడు వదులు."

"బిగించారా?"

ఆ చివరి ప్రశ్నతో ఆవిడ ఏ సర్వీసు సెంటర్లోనైనా ఉద్యోగానికి పనికొస్తుందని తేలిపోయింది. బిగించానని నా నోటితో చెప్పేదాకా లివరు వదల్లేదు, పాలు పొంగినా సరే.

మన దేశంలో బండి విప్పి వీధిలో పెడితే సలహాదారులు వానపాముల్లా పుట్టుకొస్తారు. ఎదురింటి బాబాయ్‌గారు వచ్చి, "డాట్ ఫోర్ ఎందుకయ్యా, ఫైవ్ పొయ్యి. నాలుక్కంటే ఐదు పెద్దది" అన్నారు. డాట్ 5 సిలికాన్ జాతి, డాట్ 4తో కలవకూడదు. డాట్ 5.1 మాత్రం మళ్లీ డాట్ 4 వంశమే. ఈ చుట్టరికాలు వివరించేలోపు ఆయన రెండో సలహాకి వెళ్లిపోయారు: "డబ్బాలో ఆయిలు తగ్గింది, నిండా పోసెయ్." ఆయిలు తగ్గిందంటే చాలాసార్లు ప్యాడ్లు అరిగాయని అర్థం. పిస్టన్లు ముందుకొచ్చిన మేరకు ఆయిలు కిందికి దిగుతుంది. చూసుకోకుండా నిండా పోస్తే, రేపు కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్లు వెనక్కి తోసినప్పుడు ఆయిలు పొంగి ట్యాంకు మీద పడి పెయింటు ఊడుతుంది. పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి.

మూడో ప్రమాదం పక్కింటి బుడ్డోడు. కాలిపర్ విప్పి ఉన్నప్పుడే వాడికి లివరు నొక్కాలనిపిస్తుంది. నొక్కితే పిస్టను బయటికి ఊడిపడుతుంది. అందుకే ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టాలి, బుడ్డోడి చేతిలో చాక్లెట్టు పెట్టాలి.

చిన్నాచితకా బుడగలు ఇంకా మిగిలితే లివరు నొక్కి హ్యాండిల్‌కి గట్టిగా కట్టి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి చాలావరకూ బుడగలు పైకి చేరతాయి. మా ఆవిడ పాత లంగానాడా ఒకటి ఇచ్చింది. పొద్దున్నే మావయ్యగారు కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, "బండి పారిపోతుందని కట్టేశారా అల్లుడుగారూ?" అని అడిగారు.

ఇంత చేశాక వాటర్ సర్వీసుకి ఇస్తే అక్కడి కుర్రాడు నురగ కడిగేసి, మెరుస్తుందని డీజిలు చల్లుతాడు. ఇంజనుకి చల్లితే చల్లాడు, డిస్కు మీద పడితే మాత్రం ప్యాడ్లు నూనె తాగి పట్టు మర్చిపోతాయి. చక్రాల వైపు చల్లొద్దని ముందే చెప్పండి. మెరవాల్సింది బండి, దండ వేసిన ఫొటోలో మనం కాదు.

చివరగా ఒక్క మాట. హ్యాండిల్ మీది ఆ డబ్బాకి చిన్న గాజు కన్ను ఉంటుంది, ఈ ఆదివారం అందులోకి చూడండి. ఆయిలు నల్లబడినా, కింది గీత కంటే తగ్గినా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఏబీఎస్ బండయితే కొన్నిటికి ప్రత్యేక పరికరాలు కావాలి, సర్వీసు సెంటర్‌కే వదిలేయండి. ఆయిలు ఖరీదు ఒక బిర్యానీ పొట్లం కంటే ఎక్కువ ఉండదు. లివరు మెత్తగా ఉన్న బండిని మాత్రం గేటు దాటించకండి, బావమరిది వచ్చి అడిగినా తాళాలు ఇవ్వకండి.