ఐదు పెట్టెలూ ఒక డప్పూ: సటీకం

మూలం:

నడుమ నొకటి మాట నడిపించు డబ్బాయె
ముందు రెండు పాట మోయుచుండు
వెనుక రెండు చెవుల వెంటాడు వానలై
మూల నుండు డప్పు ముంచు నిల్లు

అవతారిక: చెన్నూరులో ఒక ఇంట్లోని హోమ్ థియేటర్ అట్టపెట్టె మూత మీద బాల్‌పెన్నుతో గిలికిన ఆటవెలది ఇది. కవి పేరు తెలియదు. రాత చూస్తే వైరింగ్ పనివాడు, యతులు చూస్తే చదువుకున్న వైరింగ్ పనివాడు. పక్కనున్న కడపలోనే బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి కావ్యాలకు టీకలు రాయించాడు. ఈ అట్ట ఆయన కంట పడలేదు గనుక ఆ భారం మా నెత్తిన పడింది.

ప్రతిపదార్థం:

నడుమన్ ఒకటి = టీవీ కింద ఉండవలసిన సెంటర్ స్పీకరు; మాట నడిపించు డబ్బాయె = సంభాషణలు పలికేది. సినిమాలో మాటలన్నీ దాదాపు దీనిలోంచే వస్తాయి. దీన్ని తీసుకుపోయి టీవీ పైన దేవుని పటాల సరసన కూర్చోబెడితే నాయిక మాటలు ఆకాశవాణి అవుతాయి.

ముందు రెండు = టీవీకి కుడియెడమల పెట్టెలు; పాట మోయుచుండు = సంగీతమును భరించును. కూర్చున్నవారి ముక్కుసూటి గీతకు అటు 30, ఇటు 30 డిగ్రీలు అని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. అంటే సమబాహు త్రిభుజం. సోఫా నుంచి పెట్టెకు 8 అడుగులైతే పెట్టెకూ పెట్టెకూ 8 అడుగులే. కొత్త కాపురంలో దంపతుల్లా రెండింటినీ ఒకే స్టాండు మీద ఆనించి పెట్టే ఆచారం మన వైపు విరివిగా ఉంది. చూపుకు ముచ్చటే, వినికిడికి దండగ.

వెనుక రెండు = సరౌండ్ పెట్టెలు. ‘వెనుక’ అనడం కవిసమయం. శాస్త్రం ప్రకారం వాటి చోటు వీపు వెనక కాదు, చెవులకు పక్కగా, కాస్త వెనక్కి. ముక్కుసూటి నుంచి 100-120 డిగ్రీల మధ్య, చెవి ఎత్తున గానీ కొంచెం పైన గానీ. చెవుల వెంటాడు వానలై = దీనికి దృష్టాంతం ఉంది. ఆ ఇంట్లో తెర మీద వాన కురిసిన తొలి రాత్రి, మంచం మీదున్న జేజి మనవణ్ణి కేకేసింది: “అబ్బీ, వానొస్తాంది, మిద్దె మింద మిరపకాయలుండాయి, ఎత్తకరాపో!” వాడు గోతాం పట్టుకొని మెట్లెక్కి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. పెట్టెలు సరైన చోట పడ్డాయనడానికి ఇంతకంటే ప్రమాణం అక్కరలేదు.

మూలన్ ఉండు డప్పు = ఊఫరు; ఇల్లు ముంచున్ = స్పష్టము. పక్కింటివారి ప్రతిలో ‘మూలుగుచును డప్పు’ అని పాఠాంతరం. ఛందస్సుకు నిలుస్తుంది, అనుభవానికీ నిలుస్తుంది. రెండు గోడలూ నేలా కలిసే మూలలో బేస్ ఉబ్బిపోయి, గూట్లోని స్టీలు గ్లాసులు తాళం వేస్తాయి. 80 హెర్ట్జ్ లోపు శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కనుక ఊఫరు ఎక్కడున్నా తప్పులేదని కొందరు వాదిస్తారు. దిక్కు తెలియకపోవచ్చు గానీ, చోటు మారితే బలం మారుతుంది. ఉపాయం ఒకటుంది: ఊఫరును సోఫాలో మనం కూర్చునే చోట ఉంచి, పాట పెట్టి, ఇంటి యజమాని గోడల వారగా పాకుతూ పోవాలి. బేస్ ఎక్కడ శుభ్రంగా, ఒకే తీరుగా వినబడుతుందో ఊఫరు స్థానం అక్కడే. చుట్టాలు లేని పూట చూసుకోవడం మేలు.

తాత్పర్యం: పెట్టెల చోటు గది అందాన్ని బట్టి కాక, మనిషి కూర్చునే చోటును బట్టి కుదుర్చుకోవలెనని భావము.

విశేషం: కవి అసలు సంగతి వదిలేశాడు. కింద నున్నగా కడప బండ, చుట్టూ పెయింటు గోడలు, కర్టెన్ లేని కిటికీ. ఇలాంటి గదిలో ఒక్క చప్పట కొట్టి చూడండి, గణగణమంటుంది. పెట్టెలోంచి వచ్చిన మాట సూటిగా చెవికి చేరుతుంది. అదే మాట బండ మీద పడి లేచి, రవ్వంత ఆలస్యంగా మళ్లీ చేరుతుంది. ‘డైలాగులు అర్థం కావడం లేదు’ అని రిమోట్ నొక్కేవారి బాధకు చాలాసార్లు మూలం ఇదే. సౌండు పెంచితే బండ కూడా తన వంతు పెంచుతుంది.

శంక: మాయాబజార్ పెడితే వెనుక పెట్టెలు పలకవేమి?

సమాధానం: 1957లో వచ్చిన ఆ సినిమా ధ్వని ఏకధార (మోనో). నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిగారు కడప జిల్లావారే. వారి కాలంలో హాలులో తెర వెనుక నుంచే ఘటోత్కచుడు గర్జించాడు, జనం అదిరిపోయారు. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు ధ్వనినీ డీటీఎస్‌కు మార్చారు. పాత నలుపు తెలుపు ప్రతి పెట్టుకొని వెనుక పెట్టెలు మూగబోయాయని మెకానిక్‌ను పిలవడం శాస్త్రవిరుద్ధం.

చదువరులకు విన్నపం: ఐదు చాలలేదని ఏడు పెట్టెల సెట్టు కోసం కడప బస్సెక్కే ముందు, అటక మీది పాత బొంత దించి సోఫాకూ టీవీకీ నడుమ బండ మీద పరిచి, అదే సినిమా మరోసారి వినండి.